అంకెల చిక్కుముడి, నిక్షేపపు జాడ

దాచిన వస్తువును వెదకి పట్టుకోవడంలోని ఆనందం మానవజాతి అంత పురాతనమైనది. పిల్లల దాగుడుమూతలు మొదలు నిధి నిక్షేపాల కథల వరకు దీనికి ఉదాహరణలు ప్రతి ప్రాంతంలోనూ, ప్రతి భాషలోనూ లభిస్తాయి. అయితే నేటి యుగంలో ఈ వేడుకకు ఒక నూతన రూపం ఏర్పడింది. ఇందులో వెదకేవాడికి దారి చూపేది ముసలివాని మాటా కాదు, చిరిగిన పటమూ కాదు. కేవలం కొన్ని అంకెలు. ఆ అంకెలైనా నేరుగా చేతికి రావు. ఒక గణిత ప్రహేళికను తర్కబద్ధంగా విప్పినవారికే అవి దక్కుతాయి. జియోకాషింగ్ అని వ్యవహరించే ఈ క్రీడ అమెరికాలో పుట్టినప్పటికీ, దానికి ప్రాణమైన సంఖ్యా ప్రహేళికలతో భారతదేశానికి గల బంధం చాలా ప్రాచీనమైనది.

ఒక అర్ధరాత్రి జరిగిన మార్పు

ఈ క్రీడ పుట్టుకకు కారణం ఒక ప్రభుత్వ నిర్ణయం. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల సంకేతాలను అందుకొని, మనమున్న చోటు యొక్క అక్షాంశ రేఖాంశాలను తెలిపే జి.పి.ఎస్. వ్యవస్థను అమెరికా తన సైనిక అవసరాల కోసం నిర్మించుకున్నది. సామాన్య ప్రజలు వాడుకునే సంకేతంలో మాత్రం రక్షణ కారణాల వల్ల బుద్ధిపూర్వకంగా కొంత దోషాన్ని చొప్పించేవారు. అందువల్ల పరికరం చూపే స్థానం నూరు మీటర్ల వరకు తప్పిపోతూ ఉండేది. 2000 మే 1వ తేదీన నాటి అధ్యక్షుడు బిల్ క్లింటన్ ఆ దోషాన్ని తొలగిస్తున్నట్లు ప్రకటించారు. ఆ అర్ధరాత్రి నుండి సామాన్యుని చేతిలోని పరికరం సుమారు పదిరెట్లు ఖచ్చితంగా పనిచేయసాగింది.

మే 3వ తేదీన డేవ్ అల్మర్ అనే వ్యక్తి ఆరెగాన్ రాష్ట్రంలోని బీవర్‌క్రీక్ సమీపాన అడవిలో ఒక నల్లని బకెట్టును ఉంచి, దాని అక్షాంశ రేఖాంశాలను అంతర్జాలంలో ప్రకటించారు. అందులో ఒక నోటు పుస్తకం, పెన్సిలు, ఇంకా కొన్ని చిన్న వస్తువులు ఉన్నాయి. వాటిలో ఒక ఉండేలు కూడా ఉన్నది. వెదకి పట్టినవారు ఒక వస్తువు తీసుకొని మరొక వస్తువు ఉంచాలి, పుస్తకంలో పేరు వ్రాయాలి అన్నదే నియమం. మూడు రోజులలోనే ఇద్దరు వేరువేరుగా వచ్చి దానిని కనుగొన్నారు. ఈ ఆలోచనకు పూర్వరూపం లేకపోలేదు. ఇంగ్లండులోని డార్ట్‌మూర్ బీడుభూములలో 1854లో జేమ్స్ పెరాట్ అనే మార్గదర్శి క్రాన్మియర్ పూల్ అనే దుర్గమమైన చోట ఒక సీసా ఉంచి, అక్కడిదాకా నడిచి వచ్చినవారు తమ చీటీలను అందులో వేసే ఏర్పాటు చేశారు. కాలినడకకు తోడు ఉపగ్రహం చేరడమే కొత్త విశేషం.

చిక్కుప్రశ్న ఎందుకు?

అక్షాంశ రేఖాంశాలను యథాతథంగా ఇస్తే పరికరం ఉన్న ప్రతివారూ అక్కడకు చేరగలరు. కనుక కాలక్రమంలో ఈ క్రీడలో ఒక ప్రత్యేక శాఖ ఏర్పడింది. అందులో ప్రకటించే స్థానం నిజమైనది కాదు, కేవలం ఒక గుర్తు మాత్రమే. అసలు పెట్టె సాధారణంగా దానికి 3.2 కిలోమీటర్ల లోపున మరొక చోట ఉంటుంది. ఎక్కడ అన్నది తెలియాలంటే ఇచ్చిన ప్రహేళికను విప్పాలి. ఒక స్మారకచిహ్నంపై చెక్కిన సంవత్సరం, ఒక కట్టడానికి గల మెట్ల సంఖ్య, ఒక సుడోకు గడులలోని అంకెలు — ఇటువంటివన్నీ ఇందులో ఆధారాలవుతాయి.

సుడోకు పేరు జపాను భాషకు చెందినదైనా దాని నేటి రూపాన్ని కల్పించినవారు అమెరికాకు చెందిన విశ్రాంత వాస్తుశిల్పి హోవర్డ్ గార్న్స్. అది 1979లో ఒక అమెరికన్ పత్రికలో అచ్చయింది. 1984లో జపానుకు చేరి అక్కడ కొత్త పేరు పొందింది. 2004లో లండన్ టైమ్స్ పత్రికలో ప్రవేశించి ప్రపంచమంతటా వ్యాపించింది. తొమ్మిది అడ్డువరుసలు, తొమ్మిది నిలువు వరుసలు గల ఈ చదరంలో సమాధానం ఒక్కటే ఉండాలంటే కనీసం 17 అంకెలు ముందుగా ఇచ్చి తీరాలని 2012లో ఐర్లండుకు చెందిన గణితవేత్తలు కంప్యూటరు సహాయంతో నిరూపించారు. సమాధానం ఒక్కటే కావడం ఈ విద్యకంతటికీ మూలసూత్రం. రెండు సమాధానాలు గల ప్రహేళిక రెండు చోట్లను చూపిస్తుంది. అప్పుడు వెదకేవాని శ్రమ వృథా అవుతుంది. అందుకు బాధ్యత వెదకేవానిది కాదు, ప్రశ్న కూర్చినవానిది.

ఖజురాహో చదరం

మధ్యప్రదేశ్‌లోని ఖజురాహోలో 10వ శతాబ్దానికి చెందిన పార్శ్వనాథ జైన దేవాలయం ఉన్నది. దాని ద్వారం వద్ద పదహారు గడుల చదరం ఒకటి చెక్కబడి ఉన్నది. 1 నుండి 16 వరకు గల సంఖ్యలు ఒక్కొక్కటి ఒక్కసారే అందులో కనిపిస్తాయి. ఏ అడ్డువరుసను కూడినా, ఏ నిలువు వరుసను కూడినా, ఏ కర్ణాన్ని కూడినా 34 వస్తుంది. అందువల్లనే దానికి చౌతీసా యంత్రమనే పేరు వచ్చింది. హిందీలో చౌతీస్ అనగా ముప్పది నాలుగు. నారాయణ పండితుడు 1356లో రచించిన గణిత కౌముదిలో ఇటువంటి మాయాచదరాల నిర్మాణానికి భద్రగణితమనే పేరుతో ఒక అధ్యాయమే కేటాయించాడు. శ్రీనివాస రామానుజన్ నోటు పుస్తకాలలో మొదటి పుటలు కూడా మాయాచదరాలకు సంబంధించినవే కావడం గమనార్హం.

ఈ చదరంలో ఆరు గడులను మూసివేసి ఒక నిక్షేప ప్రహేళికను ఎట్లా కూర్చవచ్చునో చూద్దాం. మూసిన గడులకు అచ్చుల పేర్లు ఇవ్వబడినవి.

7 — 12 — అ — 14
2 — ఆ — 8 — ఇ
ఈ — 3 — 10 — 5
9 — ఉ — 15 — ఊ

మొదటి అడ్డువరుసలో తెలిసిన మూడు సంఖ్యల మొత్తం 33. కనుక అ విలువ 1. మూడవ వరుసలో తెలిసినవాటి మొత్తం 18. కనుక ఈ విలువ 16. ఇంతవరకు కూడిక, తీసివేత తప్ప మరేమీ అవసరం లేదు. చిక్కు ఇక్కడినుండి మొదలవుతుంది. రెండవ వరుసను బట్టి ఆ, ఇ కలిసి 24. నాల్గవ వరుసను బట్టి ఉ, ఊ కలిసి 10. రెండవ నిలువు వరుసను బట్టి ఆ, ఉ కలిసి 19. చివరి నిలువు వరుసను బట్టి ఇ, ఊ కలిసి 15. నాలుగు సమీకరణాలు, నాలుగు అవ్యక్తాలు ఉన్నాయి గదా, ఇక సాధించవచ్చునని విద్యార్థి భావించవచ్చు. కాని మొదటి రెండింటి మొత్తం 34, తక్కిన రెండింటి మొత్తమూ 34. అనగా మూడు సమీకరణాలు తెలిస్తే నాల్గవది వాటినుండే వస్తుంది. అది కొత్త విషయమేదీ చెప్పదు. సమీకరణాలతో మాత్రమే ముందుకు పోవాలనుకున్నవాడు ఇక్కడ ఆగిపోతాడు.

అప్పుడు మరచిపోయిన నియమం ఒకటి జ్ఞాపకానికి రావాలి. ప్రతి సంఖ్య ఒక్కసారే రావాలన్నదే ఆ నియమం. వాడినవాటిని కొట్టివేయగా మిగిలినవి 4, 6, 11, 13. వీటిలో రెండు కలిసి 24 కావాలంటే అవి 11, 13 మాత్రమే కావాలి. కనుక ఆ, ఇ గడులలో ఉన్నవి ఆ రెండే. ఆ గడిలో 11 ఉన్నదనుకుందాం. అప్పుడు ఉ విలువ 8 కావాలి. కాని 8 రెండవ వరుసలో ముందే ఉన్నది. కనుక ఆ ఊహ నిలువదు. ఆ విలువ 13, ఇ విలువ 11, ఉ విలువ 6, ఊ విలువ 4 అని తేలుతుంది. ఒక ప్రధాన కర్ణంలోని 7, 13, 10, 4 లను కూడగా 34 వచ్చింది. మరొక కర్ణంలోని 14, 8, 3, 9 లను కూడినా అంతే. సాధనలో ఎక్కడా వాడని కర్ణాలు ఫలితాన్ని సమర్థించడం వల్ల సమాధానంపై విశ్వాసం ద్విగుణీకృతమవుతుంది.

ఒక సంగతి ఇక్కడ గమనించదగినది. పై సాధనలో ఒక్క అంకెనైనా ఊహించి ఉంచలేదు. ఊహించిన ఒక్క చోట కూడా ఆ ఊహను పరీక్షించి, అది నిలువదని నిరూపించి, త్రోసిపుచ్చడం జరిగింది. ఊహకు, నిరూపణకు గల భేదాన్ని ఇంత సులభంగా బోధించే సాధనం మరొకటి అరుదు.

అక్షరాలలో దాగిన అంకెలు

అంకెలను మాటలలో దాచే విద్యలోనూ భారతీయులు ఆరితేరినవారు. ఆకాశమంటే సున్న, చంద్రుడంటే ఒకటి, నేత్రాలంటే రెండు, వేదాలంటే నాలుగు, బాణాలంటే అయిదు, ఋతువులంటే ఆరు — ఈ విధంగా వస్తువుల పేర్లతో సంఖ్యలను తెలపడం భూతసంఖ్యా పద్ధతి. తెలుగునాట లభించిన శాసనాలలో శక సంవత్సరాలను ఈ విధంగా పద్యాలలో చెప్పిన సందర్భాలు అనేకం కలవు. ఒక ప్రహేళికను విప్పి కాలాన్ని తెలుసుకోవడం చరిత్ర పరిశోధకులకు నిత్యకృత్యం.

దీనికంటె సూక్ష్మమైనది కటపయాది పద్ధతి. క నుండి ఝ వరకు గల హల్లులకు వరుసగా 1 నుండి 9, ఞ కు సున్న. ట నుండి ధ వరకు 1 నుండి 9, న కు సున్న. ప నుండి మ వరకు 1 నుండి 5. య నుండి హ వరకు 1 నుండి 8. గుణింతపు గుర్తులకు విలువ లేదు. అంకెలను కుడినుండి ఎడమకు చదువుకోవాలి. కేరళ జ్యోతిర్గణితవేత్తలు ఈ పద్ధతిని విస్తృతంగా వాడారు. మాధవుని జ్యాపట్టిక ఈ అక్షరాలలోనే భద్రపరచబడి మనకు అందింది. కర్ణాటక సంగీతంలో 72 మేళకర్త రాగాల పేర్లు కూడా ఇదే ఏర్పాటును అనుసరిస్తాయి. మేచకల్యాణిలో మ అయిదు, చ ఆరు. తిరగవేస్తే 65. అది ఆ రాగపు వరుస సంఖ్య. ధీరశంకరాభరణంలో ధ తొమ్మిది, ర రెండు. తిరగవేస్తే 29. త్యాగరాజు తెలుగు కృతిని తంజావూరులో పాడినా, మైసూరులో పాడినా, తిరువనంతపురంలో పాడినా రాగం పేరులోని అంకె మారదు.

ఇప్పుడు ప్రహేళికను పూర్తి చేయవచ్చు. హైదరాబాదు అక్షాంశం దగ్గర ఒక ఉద్యానం ఉన్నదని ఊహించుకుందాం. అక్కడి పెట్టెకు డిగ్రీలు, పూర్తి నిమిషాలు ముందే ఇచ్చారనుకుందాం. నిమిషం యొక్క దశాంశ భాగం మాత్రమే దాచబడింది. అక్షాంశానికి వరుసగా ఉ, ఊ, అ. అనగా 641. రేఖాంశానికి ఆధారం 'భారత' అనే మాట. కటపయాదిలో భ నాలుగు, ర రెండు, త ఆరు. తిరగవేస్తే 624.

ఒక్క అంకె తప్పితే

అక్షాంశంలో ఒక నిమిషానికి దూరం సుమారు 1,844 మీటర్లు. నిమిషంలో వేయవ వంతుకు రెండు మీటర్ల లోపు. హైదరాబాదు ప్రాంతంలో రేఖాంశానికైతే వేయవ వంతుకు సుమారు 1.77 మీటర్లు. కనుక చివరి అంకెలో ఒకటి తేడా వస్తే రెండడుగుల దూరం జరిగినట్లే, వెదకి సరిచేసుకోవచ్చు. కాని 'భారత' అనే మాటను తిరగవేయడం మరచి 426 అని గ్రహించినవాడు 198 వేయవ వంతులు, అనగా దాదాపు 350 మీటర్లు, పడమరకు పోతాడు. ఉ, ఊ గడులను తారుమారు చేసి 461 అన్నవాడు 330 మీటర్లకు పైగా దక్షిణానికి పోతాడు. అక్కడ చెరువు ఉండవచ్చు, రైలుపట్టా ఉండవచ్చు, ఇతరుల పొలం ఉండవచ్చు. కాగితంపై జరిగిన పొరపాటుకు కాళ్లు మూల్యం చెల్లిస్తాయి.

అందువల్లనే మంచి ప్రహేళికతో పాటు సరిచూసుకునే అంకె ఒకటి ఇస్తారు. మన ఆరు అంకెల మొత్తం 23. కాని ఈ మొత్తం చాలదు. 624 ను 426 గా వ్రాసినా మొత్తం మారదు గదా! అంకె తప్పితే పట్టుకుంటుంది గాని, క్రమం తప్పితే పట్టుకోలేదు. క్రమాన్ని కూడా పరీక్షించాలంటే ఒక్కొక్క అంకెను దాని స్థానసంఖ్యతో గుణించి కూడాలి. 6, 4, 1, 6, 2, 4 లను వరుసగా 1, 2, 3, 4, 5, 6 లతో గుణించి కూడగా 75 వస్తుంది. తారుమారైన 426 తో అయితే 79 వస్తుంది. దోషం బయటపడుతుంది. గ్రంథాలయాలలో ప్రతి విద్యార్థి చూసే పుస్తకసంఖ్యలో ఉన్న సూత్రమిదే. 2007కు పూర్వం వాడుకలో ఉన్న పది అంకెల ఐ.ఎస్.బి.ఎన్. సంఖ్యలో చివరి అంకెను ఇట్లాగే గుణించి నిర్ణయించేవారు. గుమాస్తా రెండు అంకెలను తారుమారు చేసి వ్రాసినా వేరే పుస్తకం రాకుండా అది కాపాడేది.

ఆకాశం నుండి వచ్చే సంఖ్యలకు కూడా ఇటువంటి సరిచూపు అవసరమే. స్థానాన్ని నిర్ణయించడానికి మూడు దూరాలు చాలుననిపిస్తుంది. కాని పరికరంలోని గడియారం ఉపగ్రహంలోని అణుగడియారమంత ఖచ్చితమైనది కాదు. సెకనులో పది లక్షల వంతు పొరపాటు వచ్చినా దూరంలో 300 మీటర్ల దోషం ఏర్పడుతుంది. అందుకే నాల్గవ ఉపగ్రహం కావాలి. భారతదేశం కూడా తన సొంత స్థాననిర్దేశక ఉపగ్రహాలను శ్రీహరికోట నుండి ప్రయోగించింది. మొదటిది 2013 జూలైలోను, ఏడవది 2016 ఏప్రిల్‌లోను కక్ష్యకు చేరాయి. ఆ వ్యవస్థకు నావిక్ అని పేరిడినారు.

నియమం, మర్యాద

ఈ క్రీడకు కొన్ని కట్టుబాట్లు ఉన్నాయి. పెట్టెను భూమి త్రవ్వి పాతిపెట్టరాదు. స్థలం యజమాని అనుమతి లేకుండా ఉంచరాదు. రెండు పెట్టెల మధ్య కనీసం 161 మీటర్ల ఎడం ఉండాలి. భారతీయ పరిస్థితులలో ఇంకొంత జాగ్రత్త అవసరం. రైల్వేస్టేషనులో గాని, బస్సుస్టాండులో గాని, అంగడివీధిలో గాని యజమాని లేని పెట్టె కనిపిస్తే ప్రజలు భయపడతారు. వారు భయపడటం సమంజసం కూడా. పది మంది వినోదం కోసం వెయ్యి మందిని కలవరపెట్టడం తగదు. ప్రాచీన కట్టడాల రాళ్ల సందులలో వస్తువులు దాచడం, వాటిని కదిలించి వెదకడం ఎంతమాత్రం కూడదు. రక్షిత కట్టడాలకు హాని కలిగించడం 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం ప్రకారం శిక్షార్హమైన నేరం. ఖజురాహో చదరం వేయి సంవత్సరాలు నిలిచి ఉండటానికి కారణం, చూసినవారు దానిని చూసి ఊరుకోవడమే.

గ్రంథాలయంలోనే ఒక నిక్షేపం

ఈ విద్యను అభ్యసించడానికి ఉపగ్రహ పరికరం తప్పనిసరి కాదు. పాఠశాల గ్రంథాలయం కూడా ఒక భూపటమే. అక్కడ ప్రతి పుస్తకానికి సంఖ్యారూపమైన స్థానం ఉంటుంది. ద్యూయీ వర్గీకరణలో 510 గణితం, 520 ఖగోళశాస్త్రం, 894.827 తెలుగు సాహిత్యం. మన దేశంలో గ్రంథాలయశాస్త్రానికి పితామహుడైన ఎస్.ఆర్. రంగనాథన్ మొదట గణితోపాధ్యాయుడు. ఆయన 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయ బాధ్యతను స్వీకరించి, 1933లో ద్విబిందు వర్గీకరణను ప్రకటించారు.

ఉపాధ్యాయుడు ఒక మాయాచదరాన్ని నల్లబల్లపై వ్రాసి, మూసిన గడుల అంకెలు ఒక పుస్తకసంఖ్య అయ్యేటట్లు కూర్చవచ్చు. దానిని విప్పిన విద్యార్థి బీరువా దగ్గరకు వెళ్లి ఆ పుస్తకం తీస్తాడు. లోపల ఒక చీటీ ఉంటుంది. అందులో తరువాతి ప్రశ్న ఉంటుంది. చివరి పుస్తకంలోని కాగితంపై తన పేరు, తేదీ వ్రాసి యథాస్థానంలో ఉంచుతాడు. ఒక సంవత్సరం గడిచేసరికి ఆ కాగితంపై ఇరవై ముప్పై పేర్లు చేరుతాయి. వారిలో కొందరు తెలుగు మాధ్యమంలోను, కొందరు ఉర్దూ మాధ్యమంలోను, కొందరు హిందీ మాధ్యమంలోను చదివినవారు కావచ్చు. ప్రశ్న ఏ భాషలో ఉన్నా వారందరికీ వచ్చిన అంకె ఒక్కటే. ఆ అంకెను ఎవరూ ఇంకొకరి మాటపై నమ్మలేదు. ప్రతివారూ తమంతట తాము కూడి, పరీక్షించి, తప్పును త్రోసిపుచ్చి అక్కడకు చేరారు. చీటీని మరల పుస్తకంలో ఉంచి బీరువా మూసేటప్పుడు, తరువాత రాబోయేవానికి దారి చెడకుండా చూడటం మాత్రమే వారికి మిగిలిన కర్తవ్యం.